చెవితో పిట్టల్ని లెక్కపెట్టిన మేడమ్

మా మేడమ్ పోయినారు. పోయిన నెల చిత్తూరు బస్టాండులో తిరుపతి బస్సు కోసం నిలబడి ఉంటే, కాలేజీలో నాతో చదివిన స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. "నిద్రలోనే పోయినారంట మే. వాకిట్లో పాలపాకెట్టు అట్లే ఉందని పక్కింటోళ్లు తలుపు తట్టినారంట." చుట్టూ హారన్లు, కండక్టర్ల కేకలు. అవన్నీ ఒక్కసారిగా దూరంగా జరిగిపోయినట్లయింది నాకు.

తొంభైల మొదట్లో ఆమె తిరుపతిలో ఆడపిల్లల కాలేజీలో మాకు జంతుశాస్త్రం చెప్పేవారు. నెలకొక ఆదివారం మమ్మల్ని నలుగురిని వెంటబెట్టుకుని కోడూరు బస్సెక్కించి, మామండూరు దగ్గర దించి, శేషాచలం కొండల్లోని ఒక కోనలోకి నడిపించేవారు. రెండు కొండల నడుమ ఇరుకైన లోయ, అడుగున వాగు. అడవి శాఖలో వాచర్‌గా పనిచేసే ఒక పెద్దాయన మాకు తోడొచ్చేవాడు. ఆయన్ని అందరం అన్నా అనే పిలిచేవాళ్లం.

బస్సు దిగగానే మా గాజులు, గజ్జెలు తీయించి సంచిలో వేయించేవారు మేడమ్. వాగు పొడవునా ఆమె ఎంచుకున్న పన్నెండు చోట్లుండేవి. ఒక్కోచోట పది నిమిషాలు కండ్లు మూసుకుని నిలబడాల. వినిపించిన పిట్టలన్నీ నోటుపుస్తకంలో రాయాల. "కండ్లకు ఆశ ఎక్కువ మే. లేనిదాన్ని కూడా ఉండాదంటాయి. చెవిని నమ్ము" అనేవారు. మొదట్లో నాకు భయమేసేది. అడవిలో కండ్లు మూసుకుంటే వెనక ఎవరో వచ్చి నిలబడినట్లే ఉంటుంది. పోను పోను వడ్రంగిపిట్ట దెబ్బ, కంసాలిపిట్ట టుక్కుటుక్కు, పొదల్లో అడవికోడి గీరుడు వేరువేరుగా తెలిసొచ్చినాయి. తప్పు రాస్తే ఆమె కోప్పడేవారు కాదు. "ఇంకోసారి విందాం పట్టు" అని నా పక్కనే నిలబడేవారు.

చదువయిపోయి చంద్రగిరిలో టీచరుగా చేరినాక కూడా నేను ఆ ఆదివారాలు మానలేదు. అప్పటికి ఎర్రచందనం మాట ఊర్లలో గుసగుసగా వినబడతా ఉండేది. ఒక ఎండాకాలం మేడమ్, అన్న, నేను ముగ్గురమే కోనలోకి పోయినాము. మొదటి చోట పది నిమిషాలు నిలబడినా ఒక్క పిట్ట పలకలేదు. రెండో చోటా అంతే. మూడో చోట నా ఊపిరి నాకే వినిపించింది. కండ్లు తెరిచి చూస్తే అన్న ముఖం పాలిపోయి ఉంది.

"ఏంది మేడమ్, కోన నోరు మూసుకునింది?"

"నడుద్దాం పా అన్నా. ఇంకా తొమ్మిది చోట్లుండాయి కదా" అన్నారు మేడమ్.

కొంచెం పైకి పోతే కొట్టేసిన చెట్ల మొదళ్లు కనిపించినాయి. నడుమంతా ఎర్రగా, అప్పుడే కోసినట్లు. పొదల మొదట్లో అడవికోళ్ల కోసం పెట్టిన తీగ ఉచ్చులు. ఆరిపోయిన పొయ్యి చుట్టూ ఈకలు. వాగు మలుపు తిరిగినాక రాళ్ల నీడలో ఏవో నల్లగా వరసగా ఉన్నాయి. అవి మనుషులని తెలిసేదానికి నాకు కొంచెంసేపు పట్టింది. ఇరవై మంది దాకా ఉంటారు. ఒక్కొక్కరి ముందు ఒక్కో దుంగ. అందరూ మమ్మల్నే చూస్తా ఉన్నారు. ఒక్కరూ కదల్లేదు, ఒక్కరూ దగ్గలేదు.

అన్న నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగినాడు. మేడమ్ మాత్రం రెండడుగులు ముందుకేసి, వాళ్లలో పెద్దాయన్ని చూసి అరవంలో "సాప్పిట్టీంగళా?" అనడిగినారు. తిన్నారా అని. ఆయన లేదన్నట్లు తల ఊపినాడు. మేము తెచ్చుకున్న చిత్రాన్నం క్యారియర్ తీసి మేడమ్ ఆయన ముందు పెట్టినారు. తలా పిడికెడు తిన్నారు. అంతమంది తింటున్నా చప్పుడే లేదు. తిని లేచి, దుంగలు భుజానికెత్తుకుని కొండెక్కినారు. ఒక్క రాయి కూడా జారలేదు. పెద్దాయన అందరికంటే వెనక నిలబడి, మేడమ్‌కు వాగు పైభాగం చేత్తో చూపించినాడు. తల దించుకుని పోయినాడు.

"ఎవురు తోలితే వచ్చినారో పాపం" అన్నారు మేడమ్.

ఆయన చూపించిన చోటికి పోయి చూసినాము. దుంగలు దాటించేదానికి వంతెన మాదిరి పెద్ద మద్దిచెట్టును వాగుకు అడ్డంగా పడేసినారు. ఆ చెట్టు తొర్రలో ఏటా కొమ్ముపిట్ట గూడు పెట్టేది. బూడిదరంగు ఒళ్లు, ముక్కు మీద చిన్న కొమ్ము ఉండే పక్షి. ఆడది తొర్రలోకి పోయి, సన్నని చీలిక మిగిల్చి వాకిలి మూసేసుకుంటుంది. లోపలే రెక్కల ఈకలు రాల్చుకుంటుంది. బయటినుంచి మగది పండ్లు తెచ్చి ఆ చీలికలో అందిస్తే తింటుంది.

మగది వచ్చింది. ముక్కున జువ్విపండు. పడిపోయిన చెట్టు వైపు చూడనే లేదు. ఇంతకుముందు తొర్ర ఉండిన ఎత్తులో, ఉత్త గాలిలో, రెక్కలు టపటపా కొట్టుకుంటా నిలబడింది. ముక్కు ముందుకు చాచింది. పక్కచెట్టు మీదికి పోయి కూర్చుని, మళ్లీ వచ్చి అదే చోట అట్లే చాచింది. ఎన్నిసార్లు వచ్చిందో నేను లెక్కపెట్టలేదు. కండ్లు మూసుకునేదానికి కూడా భయమేసింది.

అన్న కత్తితో తొర్ర వాకిలి పగలగొట్టినాడు. గుడ్లు చితికిపోయినాయి. ఆడది బతికే ఉంది, ఈకల్లేని రెక్కలతో, చెయ్యి పెడితే పొడుస్తా. వదిలేస్తే ముంగిస నోట్లో పడుతుందని మేడమ్ దాన్ని తన తువ్వాలులో చుట్టుకున్నారు. మేము కోన దిగేదాకా వెనక ఆ టపటప వినిపిస్తానే ఉండింది.

రెండు నెలలు అది మేడమ్ ఇంట్లో పెరటి స్నానాలగదిలో ఉండింది. ఆమె, వాళ్లమ్మ వీధి కుళాయి కాడ స్నానాలు చేయలేక పక్కింటికి పోయి చేసొచ్చేవాళ్లు. బొప్పాయి ముక్కలు, జువ్విపండ్లు పెట్టినారు. రెక్కలొచ్చినాక అదే కోనకు తీసుకుపోయి వదిలినాము. పక్కచెట్టెక్కి సాయంత్రం దాకా ఒక్కతే పిలిచింది. బదులు రాలేదు. పొద్దు వాలేటప్పటికి కొండ దాటి ఎటో పోయింది. ఆ నెల నుంచి కొమ్ముపిట్ట వరసలో మేడమ్ సున్న పెట్టలేదు. "విన్నాము. వినిపించలేదు" అని రాసేవారు, ప్రతి నెలా.

ఆ లెక్కలు తీసుకుని ఆమె ఆఫీసుల చుట్టూ తిరిగినారు. తొర్రల్లో గూడు పెట్టేవి ముందు పోతున్నాయని, తర్వాత నేల మీద తిరిగేవి పోతున్నాయని ఓపిగ్గా చెప్పేవారు. "దుంగల సంగతే తేలడం లేదు, పిట్టల సంగతెందుకమ్మా" అన్నాడంట ఒకాయన. తర్వాత కొన్నాళ్లు ఆమె ఇంటికి ఫోన్లొచ్చేవి. ఎత్తితే ఎవరూ మాట్లాడరు. "భయం లేదా మేడమ్?" అనడిగినాను.

"నేనూ ఊరికే వింటా మే. వాని వెనకాల కుక్కర్ కూస్తా ఉంటాది, బిడ్డ ఏడుస్తా ఉంటాది. వాడూ సంసారే" అని నవ్వినారు. నాకు నవ్వు రాలేదు.

రిటైరయినాక మోకాళ్ల నొప్పులతో ఆమె రావడం తగ్గింది. పోయిన చలికాలం మాత్రం పట్టుబట్టి నన్ను తోడు తీసుకుని వచ్చినారు. అన్న అప్పటికి లేడు. మొదటి చోటే ఒక రాయి మీద కూర్చుని కండ్లు మూసుకున్నారు. ఉన్నట్టుండి వడ్రంగిపిట్ట అరిచింది. ఆ వెంటనే అడవికోడి. తర్వాత చిలకలు, గద్ద. నా ఒళ్లు పులకరించింది. "మేడమ్, వచ్చేసినాయి!" అని ఆమె భుజం పట్టుకున్నాను.

మేడమ్ కండ్లు తెరవకుండానే తల అడ్డంగా ఊపినారు. "అన్నీ ఒక్క చెట్టు మీద నుంచే వస్తాండాయి, చూడు."

చూసినాను. ఎండుకొమ్మ మీద నల్లపిట్ట ఒకటి. తోక చివర రెండు పొడుగు ఈకలు. అడవిలో వినిన గొంతులన్నీ పలికే పిట్ట అది.

"మరి ఇవన్నీ యాడ నేర్చుకునింది మేడమ్? ఈడ ఆ పిట్టలు లేవే."

"వాళ్లమ్మ కాడ నేర్చుకోనుంటాది. ఆయమ్మ విన్నింటాది."

నల్లపిట్ట మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. వడ్రంగిపిట్ట, అడవికోడి, చిలకలు, గద్ద. మేడమ్ పెన్ను మూత తీసి, ఏ వరసలో రాయాలో తెలియక అట్లే పట్టుకుని కూర్చున్నారు. గాలి లేదు. కొమ్మ కింద ఆ రెండు తోక ఈకలు మాత్రం మెల్లగా ఊగుతా ఉన్నాయి.