జెర్సీతో బెంచీ తుడిచినావిడ

దువ్వాడ స్టేషన్ వెయిటింగ్ రూములో ఒక పెద్దావిడ సంచిలోంచి బాస్కెట్‌బాల్ జెర్సీ తీసి, దాంతో బెంచీ మీద దుమ్ము తుడిచింది.

"మీ అభిమాన ఆటగాడిదా?" అన్నాను వెటకారంగా.

"ఒకప్పుడు. ఆడి కోసం తెల్లారగట్ట లేచి అమెరికా మ్యాచులు సూసీదాన్ని. మా జట్టుని ఒగ్గేసి, మమ్మల్ని ఓడించినోల జట్టులోకే పోనాడు. ఆల్లకి అప్పటికే ఇద్దరు మొనగాల్లున్నారు."

"గొప్ప ఆటగాళ్ళు ముగ్గురు ఒకచోట చేరితే తప్పేమిటండీ?" నేను వాదన వదలను.

"మరి మిగతా జట్లు ఏటి సెయ్యాలమ్మా, సప్పట్లు కొట్టాలా? ఆడు కప్పు లేకండానే రిటైరవ్వాలి. నాను సూడాలి."

అంతలో రైలొచ్చేసింది.

ఆ ఆట నాకిప్పటికీ అర్థం కాదు. అయినా రోజూ పొద్దున్నే ఆ ఆటగాడు చేరిన జట్టు స్కోరు చూస్తాను. ఓడిన రోజు కాఫీలో పంచదార ఇంకో చెంచా వేసుకుంటాను.