ఆదివారం గుడ్లు

రాస్మస్ థోరుప్ వేసిన గోధుమ మోకాలెత్తు రాకముందే కొసలు ఎండడం మొదలుపెట్టింది. తప్పు విత్తనానిదీ కాదు, నేలదీ కాదు. కొండవాగు నుంచి ఊరంతా కలిసి తవ్వుకున్న కాలువకు అతని పొలం ఆఖరున ఉంది. పై పొలాలవాళ్లు తమ వంతు అయిపోయాక కూడా తమ పొలాల్లోకి నీళ్లు మళ్లే మడవలు సరిగా కట్టేవారు కాదు. రాస్మస్ వంతు వచ్చేసరికి కాలువలో కప్ప వీపు తడిసేన్ని నీళ్లు మిగిలేవి.

డెన్మార్క్‌లో ఓడెక్కి, అమెరికాలో దిగాక వెయ్యి మైళ్లు చేతిబండి లాక్కుంటూ పదమూడేళ్ల కిందట యూటాలోని ఈ సాన్‌పీట్ లోయకు వచ్చినవాడతను. దారిలో బండి ఇరుసుకు కందెన అయిపోతే తన వాటా పంది కొవ్వు దానికి పూసి, తాను వట్టి రొట్టె తిన్నాడు. ఆ సంగతి ఇప్పటికీ ఊళ్లో చెప్పుకుంటారు. అందుకే, నీళ్ల వంతులు చూసే ముసలి నీరటి ఇక తనవల్ల కాదన్నప్పుడు, "రాస్మస్ అయితే తన వాటాకి మించి చెంబుడు నీళ్లు ముట్టడు" అని బిషప్ ఆదివారం కూటంలోనే అన్నాడు. నెలకోసారి ఊరంతా పస్తుండి మందిరంలో సాక్ష్యాలు చెప్పుకునే ఉపవాస గురువారం నాడు అందరూ చేతులెత్తి తేల్చాలన్నారు. సాయంత్రం రాస్మస్ గట్టు మీద నిలబడి, "ఇంకో నాలుగు రోజులు ఓర్చుకో" అని గోధుమతో చెప్పాడు.

మర్నాడు పొద్దున అతని భార్య మారెన్ ఇంట్లో లేదు, పురుడు పోయడానికి పక్క ఊరు వెళ్లింది. రాస్మస్ నీలం జాడీలోంచి ఐదు గుడ్లు తీసి, వెన్నలో వేయించి, కూతురు సిద్సెల్‌తో కలిసి తిన్నాడు. బాగా కుదిరాయని పెనాన్ని కూడా రొట్టెముక్కతో తుడిచాడు.

మధ్యాహ్నం మారెన్ వచ్చి జాడీ మూత తీసింది.

"ఏమయ్యా, ఇందులో గుడ్లేవి?"

"తిన్నాం. ఏం?"

"అయ్యో నా రాత! అవి ఆదివారం గుడ్లయ్యా! మట్టి జాడీలోవి మనవి, నీలం జాడీలోవి దేవుడివి. ఎన్నిసార్లు మొత్తుకున్నాను?"

"నాకు చెప్పలేదు, సిద్సెల్‌కి చెప్పావు."

"నాకు చెప్పిన మాట నిజమే" అంది సిద్సెల్. "నేను లేచేసరికే నాన్న వేయించేశాడు. పెనంలోకి వెళ్లాక ఇంక చెప్పి ఏం లాభమని తినేశాను."

ఆదివారం కోళ్లు పెట్టిన గుడ్లన్నీ ఆడవాళ్ల సంఘానికి ఇవ్వాలని ఊళ్లో కట్టుబాటు. ఆ గుడ్లు అమ్మిన డబ్బుతోనే ప్రార్థనామందిరం కిటికీలకు ఒక్కొక్కటిగా అద్దాలు వస్తున్నాయి. మూడు కిటికీలకు వచ్చాయి. నాలుగోదానికి ఇంకా గోనెపట్టానే.

"పోనీలే, ఇవాళ్టివి ఐదు అందులో పెట్టేస్తాను. ఎవరికి తెలుస్తుంది?" అంది మారెన్.

"నాకు తెలుసుగా. గురువారం సాక్ష్యంలో చెప్పేస్తాను."

"నీకేమైనా పిచ్చా? చేతులెత్తడం అయ్యాక చెప్పుకో. మన పొలం చూశావా?"

"చూశాను. అయినా అయ్యాక చెబితే అది ఇంకో దొంగతనం."

గురువారం మందిరం నిండింది. ముందురోజు రాత్రి నుంచి ఎవరి కడుపులోనూ ఏమీ లేదు. రాస్మస్ లేచి, టోపీ నలుపుకుంటూ, జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"ఎందులో వేయించావు?" వెనక బల్ల మీంచి ఎవరో ఆత్రంగా అడిగారు.

"వెన్నలో."

ఎవరి కడుపో అందరికీ వినపడేలా మూలిగింది. పిల్లలు కిసుక్కుమన్నారు.

జెప్పె లేచి నిలబడ్డాడు. కాలువకు మొదటి పొలం అతనిదే. "దేవుడి గుడ్లనే వదలనివాడు మన నీళ్లని వదుల్తాడా?" అన్నాడు. కొన్ని తలలు ఊగాయి. మారెన్ కళ్లు మూసుకుంది. రాస్మస్ కిటికీ అద్దంలోంచి తన పొలం ఉన్న దిక్కు చూశాడు.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి జెప్పె భార్య కిర్స్టీన్ లేచింది.

"నేనూ సాక్ష్యం చెప్పాలి. మా ఇంట్లో ఇరవై కోళ్లున్నాయి. రెండేళ్లుగా ఒక్కటీ ఆదివారం గుడ్డు పెట్టింది లేదు."

"కూర్చోవే" అన్నాడు జెప్పె.

"కూర్చుంటాలే. విశ్రాంతి దినాన గూట్లో చెయ్యి పెట్టడం పాపమని మా ఆయన తియ్యనివ్వడు. సోమవారం పొద్దున గంప నింపుకొస్తాడు. సోమవారం తీసినవి కాబట్టి సోమవారం గుడ్లట!"

మందిరమంతా గొల్లున నవ్వింది. నవ్వనివాళ్లు ముగ్గురో నలుగురో ఉన్నారు. వాళ్లు తమ బూట్లకేసి చూసుకుంటున్నారు. బిషప్ చేతిరుమాలు అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గాడు.

"బ్రదర్స్, ఉపవాసం ఇంకా విడవలేదు, వెన్న మాట ఇంక ఎత్తకండి. తానే లేచి ఒప్పుకున్నవాడు ఇక్కడ ఒక్కడే. అతను నీళ్లు పంచాలనేవాళ్లు చేతులెత్తండి" అన్నాడు.

చేతులు లేచాయి. అందరికన్నా ఆఖర్న లేచింది జెప్పె చెయ్యి. అదీ ఆడవాళ్ల వైపు నుంచి కిర్స్టీన్ "ఊఁ" అన్నాకే.

మర్నాడు రాస్మస్ పార భుజాన వేసుకుని కాలువ వెంట పైదాకా వెళ్తే, జెప్పె మడవ అప్పటికే కట్టి ఉంది. శనివారానికి చివరి పొలంలో నీళ్లు చీలమండల దాకా నిలిచాయి. చలి మొదలయ్యేలోపే నాలుగో కిటికీకి అద్దం వచ్చింది. అందులో ఎక్కువ భాగం జెప్పె కోళ్ల పుణ్యమే.

ఆ తర్వాత ఇరవై రెండేళ్లు రాస్మస్ నీరటిగా ఉన్నాడు. ఊళ్లో అతని ఇంటిపేరు అందరూ మరిచిపోయి గుడ్ల రాస్మస్ అనేవారు. పిలిస్తే పలికేవాడు. పళ్లెంలో గుడ్డు కనపడితే మాత్రం చెయ్యి ఆపి, "ఏ జాడీలోది?" అని అడిగేవాడు.

"తినవయ్యా బాబూ, మంగళవారానిది" అనేది మారెన్.