పండగకు ఇచ్చిన గోనె సంచులు

2011 అక్టోబరు 9, ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటలు. మన్సూరాబాద్.

హాజరైనవారు: నేను, సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో నాతో పాతికేళ్లు పనిచేసిన స్నేహితుడు, ఆయన భార్య (రోగి), వాళ్ల కూతురు, కూతురి కూతురు (ఐదేళ్ల పిల్ల, మంచం పక్కన నేల మీద బొంతపై నిద్రలో).

డైరీలో ఆ రోజు పేజీ ఇలాగే మొదలవుతుంది. ఎవరెవరు ఉన్నారో ముందు రాయడం ఫ్యాక్టరీ గేటు ఆఫీసులో అబ్బిన అలవాటు. లోపలికి ఏది వచ్చినా, బయటికి ఏది పోయినా నా సంతకం ఉండాలి. సాయంత్రం ఇంటికి వచ్చి ముఖ్యమైనవన్నీ సొంత డైరీలో మళ్లీ రాసుకునేవాణ్ణి. ఇంత శ్రద్ధగా రాసినవాణ్ణి, రాసినదాన్ని ఒక్కసారి నిదానంగా చదివి ఉంటే ఇప్పుడు ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు. పాత డైరీలు నాలుగు చేతిసంచిలో వేసుకుని దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా షేర్ ఆటోలో, అక్కణ్ణుంచి నడిచి వెళ్లాను.

“ఏం బావా, సమ్మె శిబిరం కాడ నిన్ను ఆపలేదా?” అన్నాడు స్నేహితుడు. నాది కృష్ణా జిల్లా, ఆయనది మన్సూరాబాదే. ఆయన భార్య నన్ను అన్నా అని పిలుస్తుంది కాబట్టి ఆయనకు నేను బావనయ్యాను.

“ఆపారు. జై తెలంగాణ అనమన్నారు, అన్నాను.”

“గట్టిగ అన్నవా, లోపల్నే గొణిగినవా?”

“ఎండలో నడిచొచ్చినవాడి గొంతు ఎంత లేస్తుందో అంత లేచింది.”

“గాయినను జర కూసోనియ్యి,” అంది ఆమె మంచం మీది నుంచి. ఆ మూడు మాటలకు రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది.

ఆరు నెలలు టీబీ మందులు మింగింది. ఛాతీలో చేరిన నీరు తీస్తే మళ్లీ చేరేది. చివరికి ముక్క తీసి పరీక్షకు పంపితే శుక్రవారం తేలింది: మీసోథీలియోమా. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే క్యాన్సర్. ఆస్బెస్టాస్, అంటే మా రేకుల్లో సిమెంటుతో కలిపే రాతినార, దాని పీచు పీల్చినవాళ్లకు ముప్పై నలభై ఏళ్ల తర్వాత కూడా వస్తుందట. నయం చేసే మందు లేదని కూతురికి డాక్టరు చెప్పేశాడు. ఆ పీచు ఇంట్లోకి ఎలా వచ్చిందో, ఇంకా ఎక్కడైనా ఉందేమో కనుక్కుని సోమవారం రమ్మన్నాడు. ఇంట్లో చిన్నపిల్ల ఉంది కదా అని రెండుసార్లు అన్నాడట.

“నేను ఫ్యాక్టరీ గేటు సుత సూడలె,” అంది ఆమె. “దుమ్ముల పన్జేసిన మనిషి గుండ్రాయి లెక్క ఉన్నడు. నాకెట్లొచ్చింది?”

స్నేహితుడు తల వంచుకున్నాడు. రాతినార బస్తాలు కోసి గుమ్మరించే సెక్షన్‌లో ఆయన పదకొండేళ్లు చేశాడు. ఆ సెక్షన్ వాళ్లకు షిఫ్టు దిగగానే బెల్లం ముక్క ఇచ్చేవాళ్లం. బెల్లం తింటే దుమ్ము గొంతు దాటి కడుపులోకి జారిపోతుందని అందరి నమ్మకం. ముక్కుకు కట్టుకునే గుడ్డలకు రిజిస్టరు లేదు, బెల్లానికి ఉంది. అదీ నేనే రాశాను.

“నాకు బెల్లం వెట్టిండ్రు, దానికి వెట్టలె. గదే తేడా,” అన్నాడు.

“మామా, నువ్వు అన్నీ రాస్తవ్ గద,” అంది కూతురు. “నాయిన బట్టల మీద దుమ్ము గాక ఇంకేమన్న ఇంటికొచ్చినయా, సూడు.”

1978 డైరీ తీశాను, పేజీకి ఒక వారం ఉండే రకం. అక్టోబరు మొదటి వారం, నా చేతిరాత: ‘ఖాళీ గోనె సంచులు ఆరు, పండగకు, ఇంటి వాడకానికి.’ పక్కన ఆయన పేరు. రాతినార వచ్చే గోనెలు గట్టివి. దసరా ముందు కార్మికులు అడిగేవాళ్లు, నేను గేటు పాస్ రాసి పంపేవాణ్ణి. మేలు చేస్తున్నాననుకునేవాణ్ణి. పైకి చదివి వినిపించాను.

“యాదికున్నయి,” అంది ఆమె. “వాకిట్ల రాయికేసి కొట్టి కొట్టి దులిపిన. రెండ్రోజులు తుమ్ములే. మంచి గోనెలన్నా, ఇప్పటిదాంక చినగలె.” మంచం మీది నుంచి చెయ్యి కిందికి చూపించింది. “గా బొంతల ఉన్నయి సూడు. పైన చీరలు మార్చుకుంట వస్తున్న, లోపల గోనె గదే.”

బొంత మీద పిల్ల అటు ఒత్తిగిలింది. కూతురు లేచి, పిల్లను ఎత్తుకుని వరండాలోకి వెళ్లింది.

నా వేలు ఇంకా పేజీ మీదే ఉంది. సంచుల రాతకు పైన ఇంకో రాత, నాలుగు రోజుల ముందుది. ‘పై ఆఫీసు నుంచి సర్క్యులర్. ఖాళీ సంచులు ఇక గేటు దాటరాదు. దులపరాదు. నీళ్లతో తడిపి, మూట కట్టి, పూడ్చాలి. ఆరోగ్యానికి హాని. పండగకు సంచులిస్తామని మాట ఇచ్చి ఉన్నందున, దసరా తర్వాత అమలు చేద్దామని ఇన్‌చార్జితో అనుకున్నాం.’

దసరా తర్వాత నిజంగానే అమలు చేశాం. ఆ ఆరూ ఆఖరి సంచులు.

“ఇంకేమన్న ఉన్నదా, అన్నా?” అంది ఆమె, నా ముఖం చూస్తూ.

“లేదమ్మా. ఆ బొంత మాత్రం ఇంట్లో ఉంచకండి,” అన్నాను. డైరీ మూశాను.

ఇన్‌చార్జి పోయాడు. ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. బయట శిబిరంలో ఎవరు ఎవరికి అన్యాయం చేశారో మైకులో చెబుతున్నారు. లోపల, చేసినవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. తాగాను. ఇంటికి వచ్చి జరిగినదంతా డైరీలో ఎక్కించాను. ‘సర్క్యులర్ సంగతి చెప్పలేదు’ అన్నది కూడా రాశాను. రాయడానికి నాకెప్పుడూ ధైర్యం చాలింది.

మరునాడు ఉదయం ఆరున్నరకు 1978 నాటి ఆ పేజీని చింపి జేబులో పెట్టుకుని బయలుదేరాను. డైరీలో పేజీ చింపడం అదే మొదలు. వాళ్ల వీధి మలుపు తిరగకముందే చప్పుడు వినిపించింది. స్నేహితుడు బొంత కుట్లు విప్పేసి, గోనెలను ప్రహరీ గోడ మీద వేసి కర్రతో బాదుతున్నాడు. ఎండలో సన్నటి దుమ్ము మెరుస్తోంది. పిల్ల పక్కన నిలబడి ఒకటి, రెండు అంటూ దెబ్బలు లెక్కపెడుతోంది.

“గలీజుది చెత్తబండోనికి ఎట్లిస్తం బావా? దులిపి ఇస్త,” అన్నాడు.

కర్ర లాక్కున్నాను. పిల్లను లోపలికి తరిమాను. నల్లా కింద ఉన్న బకెట్టు ఎత్తి గోనెల మీద కుమ్మరించాను. మళ్లీ నింపి మళ్లీ కుమ్మరించాను. ఆయన చేతులు వేలాడేసి చూస్తూ నిలబడ్డాడు. ఆమె గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

“నీళ్లు వొయ్యాల్నని నీకెట్ల తెల్సు, అన్నా?”

జేబులోని పేజీ తీశాను. ఆమెకు చదువు రాదు. వెనక నిలబడ్డ కూతురికి ఇచ్చాను. కూతురు పైకి చదవసాగింది. ‘దులపరాదు’ అన్న చోట ఆగి తండ్రి చేతుల వైపు చూసింది. తర్వాత చివరిదాకా చదివింది.