అయ్యగారి పొట్ట

మా ఆయన పొట్ట మీద నాకు నమ్మకం పోయింది పంతొమ్మిదివందల అరవైల మొదట్లో, మేము కోవూరులో ఉన్నప్పుడు. ఆయన పాస్టరు. నెల్లూరు డాక్టరమ్మ ఆయన్ను పరీక్ష చేసి, నన్ను పక్కకు పిలిచింది. "వరన్నం తగ్గించి, రోజూ నడిచి, ఈ పొట్ట కరిగించకపోతే గుండెకు కష్టం" అంది. మా మామగారు సరిగ్గా అలాంటి పొట్టతోనే, యాభై నిండకుండా, పీట మీద కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. నాకు భయం పట్టుకుంది.

సైకిలు గోడకు చేర్చాం. చుట్టుపక్కల పేటలకు ప్రార్థనలకు ఆయన నడిచే వెళ్ళేవారు, రోజుకు ఐదారు మైళ్ళు. ఇంట్లో పొద్దున రాగి జావ, సాయంత్రం రొట్టె, సొరకాయ కూర. ప్రతి శనివారం నూలుతాడుతో నడుము కొలిచి ముడి వేసేదాన్ని. మూడు నెలలైనా ముడి జరగలేదు.

"కడుపా అది, నీళ్ళ కాగా?" అని అరిచాను.

"మా వంశమే అంత" అన్నారు, కళ్ళు దించుకుని. ఆ కళ్ళు దించుకోవడమే నాకు నచ్చలేదు.

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. జేబులు వెతికాను. హోటలాయన్ని అడిగించాను. చివరికి రుమాలు వాసన చూశాను. మా ఇంట్లో చేప వండని మంగళవారం నాడు రుమాలుకు చేపల పులుసు వాసన! పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతోందన్నమాట. గురువారం నేనూ బయల్దేరాను. ఎండ అన్నారు, దూరం అన్నారు. అన్నకొద్దీ నా అనుమానం పెరిగింది.

మొదటి ఇంట్లో ప్రార్థన కాగానే సత్తుపళ్ళెంలో వేడన్నం, చేపల పులుసు వచ్చాయి. రెండో ఇంట్లోనూ అంతే. కూలికి వచ్చిన వడ్లలోంచి ఆయన కోసం దాచిన సన్నటి మొలగొలుకుల బియ్యం. ఆయన నా వైపు చూడకుండా తిన్నారు. నాకూ పెట్టబోతే, తినే వచ్చానని చెప్పాను. ఒళ్ళు మండిపోతోంది.

మూడో ఇల్లు ఒక అవ్వది. ఆమె పళ్ళెం తెస్తుంటే అడ్డం వెళ్ళాను. "ఆయనకు అన్నం పెట్టొద్దవ్వా. డాక్టరు వద్దన్నది."

అవ్వ పళ్ళెం వెనక్కి తీసుకుంది. "డాక్టరు పేరెందుకులే అమ్మగారూ" అంది మెల్లగా. "ఆ రెండిళ్ళల్లో కూడా తినే వచ్చినానన్నారంట. మా ఇంట్లో తినబుద్ధి గాలేదంటే సరిపాయ గదా."

బిత్తరపోయాను. ఆ ఊళ్ళో పై కులాలవాళ్ళెవరూ ఆ పేటలో మంచినీళ్ళు కూడా ముట్టరు. వాళ్ళింట్లో కూర్చుని తినేది ఈయనొక్కరే. వద్దంటే వాళ్ళేమనుకుంటారో ఆయనకు తెలుసు. చెప్తే నేను ఊరుకోననీ తెలుసు. నేను టౌనులో బడిపంతులుగారి కూతుర్ని, అంతవరకూ ఏ పేటలోనూ ముద్ద ముట్టినదాన్ని కాను. తినే వెళ్ళినమాట నిజం. కానీ ఆకలితో వెళ్ళి ఉంటే మాత్రం తినేదాన్నేనా అని ఆ నిమిషంలో నన్ను నేనే అనుమానించాను. సిగ్గుతో చచ్చిపోయాను.

కింద కూర్చున్నాను. "ఆ పళ్ళెం ఇటు పెట్టవ్వా. ఆయనకు రెండు ముద్దలు చాలు, మిగతాది నాకు."

అప్పట్నుంచి ప్రతి పేటకూ వెంట వెళ్ళాను. పావు పళ్ళెం ఆయనకు, ముప్పావు నాకు. క్రిస్మసు నాటికి తాడు మీద ముడి రెండు వేళ్ళు లోపలికి జరిగింది. నా నడుము ఎవరూ కొలవలేదు, అదే మేలు. పేటలో అందరూ నన్ను నమ్మారు, ఆ అవ్వ తప్ప. ఏడాది గడిచినా, నేను మొదటి ముద్ద మింగేదాకా ఆమె నా చేతి వంకే చూస్తూ నిలబడేది.