గద్వాలలో ఒక ముద్ర, నా ఎడమ మోకాలు

నలభై ఏడేళ్ల కింద గద్వాల మైదానంలో ఒకడు నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. “ఈ ఒక్క ఆట ఆడురా. రేపు పొద్దుగాల రైలుకు నేనే నిన్ను కర్నూలు పెద్ద దవాఖానకు తోల్కపోత” అన్నాడు. వాడు మా చెడుగుడు జట్టు కెప్టెన్. అప్పటికే సెమీఫైనల్లో నా ఎడమ మోకాలు మెలిపడి మామిడికాయంత వాచింది. డ్రిల్లు మాస్టారు వేడి నూనెతో తోమించి, గుడ్డ చుట్టించి నన్ను బరిలోకి దించాడు. గెలిచాం. మర్నాడు పొద్దున ఒంటికాలి మీద స్టేషనుకు పోయి బెంచీ మీద కూచున్నాను. రైలు వచ్చింది, పోయింది, కెప్టెన్ రాలేదు. టికెట్టు తీయడానికి నా జేబులో ఏమీ లేదు. ఇంటికి చేరాక ఇంకో నెల నూనెలు, కట్లు. కాలు వంకరగా నిలిచిపోయింది. డ్రిల్లు మాస్టారు ఉద్యోగపు ట్రైనింగుకు నాకూ పిలుపు వచ్చింది గానీ పరుగు పరీక్షలో సగం దూరం దాటలేకపోయాను. తర్వాత ముప్పై రెండేళ్లు నాగర్‌కర్నూల్ గ్రంథాలయంలో కూచుని పుస్తకాలు చదివాను. అన్ని పుస్తకాలు చదివినా ఆ కెప్టెన్ ఒక్కడిని క్షమించడం నేర్చుకోలేదు. డ్రిల్లు మాస్టారు చనిపోయాడు కాబట్టి మంచివాడే అనాలంటారు. నేను అనను.

ఇంత పాత కథ ఎందుకంటే, మొన్న శనివారం నేను మళ్లీ గద్వాల పోవలసి వచ్చింది. నా మనవరాలు స్వరూప ఫిజియోథెరపీ డిగ్రీ చేసింది. ఇప్పుడు ఆటగాళ్ల గాయాల మీదనే పీజీ చేస్తానంటుంది. బరిలో పడినవాడిని ఎట్లా లేపాలి, ఎన్ని రోజులు ఆపాలి, మళ్లీ ఎప్పుడు ఆడించాలి అనేదే ఆ చదువు. మా బంధువుల్లో పుస్తకం ముట్టని ఒక మేధావి “కాళ్లు పిసికే చదువుకు రెండేండ్లా?” అన్నాడు. ఆయనకు గ్యాస్ తప్ప ఇంకే జబ్బూ రాకూడదని కోరుకున్నాను. బెంగళూరు కాలేజీ వాళ్లు ఒక కాగితం అడిగారు. ఈ అమ్మాయి రెండు సీజన్లు మైదానంలో ఆటగాళ్లతో పనిచేసిందని ఏదైనా క్రీడా సంఘం ముద్ర వేసి ఇవ్వాలి. స్వరూప పనిచేసింది గద్వాల కబడ్డీ పోటీల్లో. అక్కడి సంఘానికి సెక్రటరీ ఎవరో తెలుసా? నా కెప్టెనే. ఫోను చేసిన ప్రతిసారీ “రేపు రాసిస్త బిడ్డా” అన్నాడట, మూడు వారాలుగా. దరఖాస్తు బుధవారం లోపల బెంగళూరు చేరాలి. లేకపోతే ఏడాది పోయినట్టే. శుక్రవారం సాయంత్రం పిల్ల ముఖం చూసి, “పొద్దున నేనూ వస్తున్నాను” అన్నాను. ఎందుకు అని అడిగితే, గద్వాల కోట చూసి చాలా రోజులైందన్నాను.

ఈ దారిన పోదలచినవాళ్లు నాగర్‌కర్నూల్‌లో ఆరు గంటల బస్సు ఎక్కండి. బిజినేపల్లి మీదుగా వనపర్తికి గంటన్నర, టికెట్టు పంతొమ్మిది రూపాయలు. కుడివైపు కిటికీ వద్దు, దుమ్మంతా ఆ పక్కనే వస్తుంది. వనపర్తి బస్టాండులో చాయ్ బాగుంటుంది, బెంచీలు బాగుండవు. అక్కడ మాకు ఎనిమిదింపావుకు గద్వాల బస్సు దొరికింది, ఇరవై ఏడు రూపాయలు. పెబ్బేరు దగ్గర పెద్ద రోడ్డెక్కి, బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో గద్వాల వైపు తిరుగుతుంది. నదిలో నీళ్లకన్నా బండలే ఎక్కువ కనిపించాయి. అయినా పొద్దుటి ఎండలో ఆ బండలు చూడముచ్చటగా ఉన్నాయి. నేను నవ్వానట, స్వరూప వింతగా చూసింది.

గద్వాలలో దిగేసరికి పదింపావు. బస్టాండు ఎదుట తోపుడు బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, ప్లేటు పన్నెండు రూపాయలు. బొరుగులు నానబెట్టి పోపు వేసే ఆ పని చాలామందికి చేతకాదు, ముద్ద చేసి పెడతారు. ఈ బండి ఆవిడ పొడిపొడిగా చేసింది. బాగుందమ్మా అంటే, “అయితే మూతి గట్ల పెట్టుకోని తింటవేంది పెద్దాయనా?” అంది. నా మూతి ఎప్పుడూ ఇట్లాగే ఉంటుందని స్వరూప నా తరఫున చెప్పింది.

షేర్ ఆటో అతనికి కబడ్డీ సెక్రటరీ ఇల్లు అని చెప్పగానే నవ్వాడు. “ఆయన మూడు దినాల సంది నడుం పట్టి పండుకున్నడు. ఎదురుకాళ్లోళ్ల కోసం వాడంత దేవులాడుతుండ్రు. ఒక్కడన్న దొరుకుతలేడు.”

మా దిక్కు కాని పాఠకుల కోసం చెప్పాలి. తల ముందు కాకుండా కాళ్లు ముందుగా పుట్టినవాళ్లను ఎదురుకాళ్లవాళ్లు అంటారు. నడుం పట్టినవాడు బోర్లా పడుకుంటే, ఎదురుకాళ్లవాళ్లు వచ్చి ఎడమకాలితో నడుం మీద మూడుసార్లు తన్నాలి. పట్టు వదులుతుందని నమ్మకం. నేను అట్లా పుట్టినవాడినే. చిన్నప్పుడు మా వాడలో పెద్దవాళ్లందరినీ తన్ని బెల్లం ముక్కలు సంపాదించాను. జట్టులో నన్ను పేరుతో ఎవరూ పిలవలేదు, ఎదురుకాళ్లోడా అనే పిలిచేవాళ్లు. స్వరూప నా వైపు చూసింది. నేను కోటగోడ వైపు చూశాను.

కెప్టెన్ ఇంటి ముందు గదిలో చాప మీద బోర్లా పడి ఉన్నాడు. ఒకప్పుడు ముగ్గురిని మోసుకుంటూ గీత దాటిన వీపు అది. ఆయన భార్య నాగమ్మ విసనకర్రతో పక్కన కూచుంది. ముఖం పక్కకు తిప్పి పడుకున్నాడు కాబట్టి ఆయనకు మా పాదాలు తప్ప ఇంకేమీ కనిపించవు. స్వరూప “నమస్తే సార్, కాగితం కోసం వచ్చిన” అంది. ఆయన నా ఎడమ పాదాన్నే చూస్తున్నాడు. అది బయటికి తిరిగి ఉంటుంది.

“ఈ కాలు నాకెరుకే,” అన్నాడు. “నువ్వు ఎదురుకాళ్లోడివి గదరా!”

“అవును.”

“దేవుడే పంపిండు నిన్ను. తన్నురా!”

నలభై ఏడేళ్లలో ఆయన్ను మనసులో ఎన్ని తీర్ల తన్నానో లెక్క లేదు. ఇన్ని పుస్తకాల్లో పగ తీర్చుకున్న కథలు ఎన్నో చదివాను. శత్రువే చాప పరుచుకుని, బోర్లా పడుకుని, తన్నమని బతిమాలిన సందర్భం ఎక్కడా తగల్లేదు. నేను చెప్పులు విడిచాను.

“ఆగు తాతా,” అంది స్వరూప. “ముందు నేను చూస్త.”

“నువ్వేం చూస్తవు బిడ్డా? నీళ్ల సీసాల పిల్లవు గదా!” అన్నాడు కెప్టెన్.

పిల్ల ముఖం మాడింది. రెండు సీజన్లు ఎండలో నిలబడి, పుల్ల ఐసు అమ్మేవాడి డబ్బాలోంచి ఐసు కొని, వాచిన మడమలకు కట్టిన పిల్ల అది. “మరి కాగితం అందుకే రాస్తలేరా సార్?” అని అడిగింది.

“ఏమని రాయాల్నో తెల్వక ఆపిన. ఐసు పెట్టింది, పట్టీ కట్టింది అని రాస్తె ఎవడన్న సీటిస్తడా? నడుం బాగయినంక ఎవర్నన్న అడిగి రాద్దమనుకున్న.”

“ముద్ర యాడుంది?” అని స్వరూప అడిగింది.

“మైదానం ఆఫీసుల. తాళంచెవి నా మొలతాడుకే ఉంది. సంఘం ముద్ర నేను తప్ప ఎవ్వరు ముట్టొద్దు.”

గోడ గడియారంలో పదకొండు దాటింది. శనివారం కదా, పోస్టాఫీసులో స్పీడ్ పోస్టు ఎప్పటిదాకా తీసుకుంటారో మాకు తెలియదు. స్వరూప చున్నీ నడుముకు బిగించి ఆయన పక్కన కూచుంది. కాళ్లకు తిమ్మిర్లున్నాయా, ఒంటికి పోవడంలో ఇబ్బంది ఉందా, ఎక్కడైనా పడ్డారా, జ్వరం వచ్చిందా అని ఒక్కొక్కటే అడిగింది. కాళ్లను ఒక్కొక్కటిగా లేపి చూసింది. “నరం మీదికి పోలే. కండ పట్టింది, అంతే. నాగమ్మవ్వా, జర నీళ్లు కాచి సీసాల పోసి, తువ్వాల చుట్టి తే.”

ఒక గంట పట్టింది. కాపడం, తర్వాత మెల్లగా పక్కకు తిప్పడం, మోకాళ్లు పొట్ట దాకా తేవడం, ఊపిరి వదలమనడం. కెప్టెన్ మొదట తిట్టాడు, తర్వాత మూలిగాడు, తర్వాత నోరు మూసుకున్నాడు. చివరకు మోకాళ్ల మీద లేచాడు. నాగమ్మ “మూడు దినాలకు లేచె!” అని విసనకర్ర కింద పడేసింది. నిలబడమంటే మాత్రం మళ్లీ బోర్లా పడుకున్నాడు.

“బిడ్డా, నీది నీ చదువు. తన్ను పడందే నేను లేవ.”

స్వరూప నవ్వింది. “సరే తాతా, ఇగ తన్ను. మెల్లగ, పాదం తాకిస్తె సాలు.”

నేను ఎడమ కాలు ఎత్తాను. జానెడు లేచి ఆగిపోయింది. ఆ మోకాలు అంతకన్నా మడవదు. గోడ పట్టుకుని మళ్లీ ప్రయత్నించాను. ఆయన వీపు అందలేదు. ఏ కాలిని ఆయన పాడు చేశాడో ఆ కాలితోనే ఆయన్ను తన్నాలి, ఆ కాలు లేవదు.

స్వరూప వచ్చి నా మోకాలి కింద చెయ్యి పెట్టింది. ఇన్నేళ్లలో ఆ మోకాలిని ముట్టనిచ్చింది ఆ పిల్లను ఒక్కదాన్నే, దాని కథ చెప్పిందీ ఆ పిల్లకే. తడుముతూ మెల్లగా అంది, “ఆ దినం ఐసు పెట్టి, కదలకుండ కట్టి, ఆటకు దించకుంటే సగం నిలబడేది తాతా. మర్నాడు దవాఖానకు పోయినా ఇంత వంకర రాకపోవు.”

కెప్టెన్ విన్నాడు. చాపలోకి ముఖం పెట్టుకున్నాడు. నాగమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“పొద్దుగాల కప్పు పట్టుకోని జీపెక్కమన్నరు,” అన్నాడు చాపలోంచే. “ఊరంత తిప్పిండ్రు. దండలేసిండ్రు. నీ సంగతి మధ్యాహ్నం అన్నం కాడ యాదికొచ్చింది. మర్చిపోయినరా.”

కుట్ర ఉందనుకున్నాను. అసూయ అనుకున్నాను. ఎవరో ఆపారేమో అని కూడా ఒకప్పుడు అనుకున్నాను. ఏమీ లేదు, మర్చిపోయాడు. స్వరూప నా కాలిని లేపి ఆయన నడుం మీద మూడుసార్లు ఆనించింది. మూడోసారి కొంచెం గట్టిగానే తగిలింది. అది నా పనే.

ఆయన లేచి నిలబడ్డాడు. ఆటోలో మైదానానికి పోయాం, పది రూపాయలు. తాళం తీశాడు, ముద్ర తీశాడు, చూస్తే ఇంకు ప్యాడు ఎండి రాయిలా ఉంది. స్వరూప నీళ్ల సీసాలోంచి నాలుగు చుక్కలు పోసి తడిపింది. “చూసినవా, నీళ్ల సీసా పనికొచ్చె,” అంది. స్వరూప ముందే టైపు చేయించి తెచ్చిన ఇంగ్లీషు కాగితం కింద ఖాళీ చోట కెప్టెన్ తన చేత్తో తెలుగులో రాశాడు: ‘ఎవరు ఆడాలె, ఎవరు ఆగాలె అని ఈమె చెప్పింది. విన్నవాళ్లు బాగున్నరు. ఈమె లాంటోళ్లు మా కాలంల ఉంటే ఒకని కాలు దక్కేది.’ బెంగళూరు వాళ్లకు తెలుగు రాకపోతే ఎట్లా అని అడిగాను. “చదివించుకుంటరు తీ” అన్నాడు. పోస్టాఫీసులో కౌంటరు మూసేలోపు అందుకున్నాం, గుమాస్తా విసుక్కున్నా తీసుకున్నాడు.

తిరుగు బస్సులో స్వరూప కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. బీచుపల్లి వంతెన మీద సాయంకాలపు వెలుగు పడింది. నాకు ఆ రోజు కడుపు నిండినట్టే ఉంది. ఇన్నేళ్లు ఒక పెద్ద ద్రోహాన్ని మోస్తున్నాననుకున్నాను, చేతికి వచ్చింది చిన్న మరుపు. బరువు తగ్గిన మాట నిజం. కానీ చిన్నదైనంత మాత్రాన అది ఒప్పు కాదు. మర్చిపోయినవాడికి ఒక పూట, నాకు ఒక జీవితం. స్వరూప చదివే చదువు ఆ తేడాను గుర్తుపెట్టుకునే చదువు. సీటు వస్తుందో రాదో తెలియదు. వస్తే ఇక మీదట ఏ మైదానంలోనైనా పడినవాడి దగ్గర ఒకరు కూచుంటారు, ఊరేగింపు ఎటు పోయినా. మీరు ఏ సంఘం ముద్ర కోసం పోయినా శనివారం పెట్టుకోకండి, ఇంకు ప్యాడు మాత్రం మీదే తీసుకుపోండి. ఆ కాగితం నకలు ఒకటి నా బీరువాలో దాచాను. కింద సంతకం స్పష్టంగా ఉంది కాబట్టి, నలభై ఏడేళ్లుగా నోటితో పలకని పేరు ఇక్కడ రాయడానికి అభ్యంతరం లేదు. నా మోకాలికి ఇప్పటికీ బాధ్యుడు బోయ ఈరన్న.