స్పీకర్ పెట్టె మీద లింగన్న

లింగన్న ఒక్కచోట కుదురుగా నిలబడే మనిషి కాడు. టీ తాగుతున్నా వేళ్ళు గ్లాసు మీద దరువేస్తూనే ఉంటాయి. కాలేజీ రోజుల్లో అనంతపురంలో మేము పెట్టుకున్న రాక్ బ్యాండు 'కంకర'కు అతనే డ్రమ్మర్. మాకంటే రెండేళ్ళు పెద్ద. నేను గిటారు, జయచంద్ర బేస్ గిటారు, సువార్త పాట. ఊరు మమ్మల్ని పెద్దగా పట్టించుకోలేదు. ఐదేళ్ళకే ఎవరి దారి వారిదైంది. లింగన్న బోరు బండిలో పనికి కుదిరి కంబదూరు వైపు చేలన్నిటా బోర్లు వేశాడు.

ఇరవై రెండేళ్ళ తర్వాత మళ్ళీ ఒకే ఒక్క పాట చేద్దామని మొన్న జూన్‌లో నేనే అందరికీ ఫోన్లు చేశాను. యాభైకి దగ్గరపడ్డాను. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడని మనసు ఒకచోట నిలవడం లేదు. లింగన్నకు చేస్తే అతని భార్య మారెమ్మ ఎత్తింది. "వస్తాడులేన్నా" అని ఆమే చెప్పేసింది.

స్టూడియోలో అసలు సంగతి బయటపడింది. తాళం తప్పకుండా హెడ్‌ఫోన్లో టిక్కు టిక్కుమని ఒక శబ్దం పెడతారు. లింగన్న దాన్ని పట్టుకోలేక ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు పోతున్నాడు. పదకొండు సార్లు వాయించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. డ్రమ్స్ కంప్యూటర్లో వేసేద్దాం, ఎవరికీ తెలియదన్నాడు స్టూడియో ఆయన. సరేనన్నాను. ఆ మాట చెప్పడానికే లింగన్నను బయటికి పిలిచాను.

నేను నోరు తెరవకముందే, "చెవులు పోయినాయి ఉదయా. బోరు బండి కంప్రెసర్ పక్కన నిలబడి నిలబడి పోయినాయి" అన్నాడు.

"ముందే చెప్పకూడదా అన్నా?" అని అరిచాను.

నా పెదాల వైపే చూస్తూ, "చెప్పింటే పిలుస్తాంటివా?" అన్నాడు.

నాకు సిగ్గేసింది.

"ఇన్నేండ్లు చెవుల్తోనే బోరేసినామా? కింద రాయి మారితే కాళ్ళకి తెలుస్తాది" అంటూ లోపలికి పోయి స్టూలు పక్కకు తన్నాడు. జయచంద్ర బేస్ గిటారుకు తగిలించిన స్పీకర్ పెట్టెను తనే ఈడ్చుకొచ్చి దాని మీదే కూర్చున్నాడు. హెడ్‌ఫోన్ తీసి పారేశాడు. "వాయించప్పా" అన్నాడు జయచంద్రతో.

స్టూడియో ఆయన తల పట్టుకున్నాడు. జయచంద్ర తీగ మీటినప్పుడల్లా ఆ అదురు పెట్టెలోంచి లింగన్న నడుములోకి పాకింది. ఆ ఒక్కసారికే పాట అయిపోయింది. సువార్త కళ్ళు తుడుచుకుంది. రెండో చరణంలో అతను కాస్త తొందరపడ్డాడు. నేను విన్నాను. మళ్ళీ వాయించమనే ధైర్యం లేక, అతనికెలాగూ వినబడదులే అని ఊరుకున్నాను.

పాట విడుదలైన శుక్రవారం కళ్యాణదుర్గం రోడ్డులో ఒక టీ కొట్టు స్పీకర్లో పెట్టించాం. నలుగురు తలలూపారు. లింగన్న స్పీకర్ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, చివరిదాకా కదలకుండా నిలబడ్డాడు. అతన్ని అలా చూడడం నాకదే మొదలు.

చెయ్యి తీసి నా వైపు తిరిగాడు.

"రెండో చరణంలో ఉరికినాను. నీకు ఆ పొద్దే తెలిసింది గదా?"

తలూపాను.

"మరి చెప్పలేదేమప్పా? నేనింకా బ్యాండులో ఉండానా, లేదా?"