సొట్టగిన్నె మొహం

ఆ పిల్లకు దేన్ని చూసినా మొహమే కనిపిస్తుంది. స్విచ్చిబోర్డు నోరు తెరిచి బిత్తరపోతుంది, తాళంకప్ప మూతి ముడుచుకుంటుంది. ఏడుస్తున్న కుళాయిని ఓదారుస్తూ కూర్చుని పరీక్షకు ఆలస్యంగా వెళ్ళిందంటే నమ్మండి, నమ్మకపోతే మీ ఇష్టం. ఆ మొహాల్ని బొమ్మలుగా గీసేటప్పుడు మెడ పక్కకు వాల్చి పెన్సిలు కొరుకుతుంది. వెనక తలుపు చప్పుడైతే మాత్రం భుజాలు చెవులదాకా లేస్తాయి.

కాలేజీ హాల్లో పెట్టిన ఆమె బొమ్మల ముందు జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. తల్లి మాత్రం నవ్వలేదు. సొట్టగిన్నె, అద్దం పగిలిన గడియారం, గొళ్ళెం ఊడిన తలుపు, అన్నీ తన ఇంటివే. వాటి మీద మొగుడి చెయ్యి ఎప్పుడెప్పుడు పడిందో ఆమెకు తెలుసు.

"తీసెయ్యవే తల్లీ, మీ నాన్న వస్తున్నాడు. చూశాడంటే ఇంటికెళ్ళాక నన్ను బతకనివ్వడు."

"చూడనీ అమ్మా. ఆయన చూడాలనే గీశాను."

తండ్రి ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. మాస్టారికి చెయ్యి కలిపి, ఒక్కో బొమ్మా చూస్తూ గిన్నె దగ్గర ఆగాడు.

అతను విరగబడి నవ్వాడు. "ఇటు చూడవే, దీని ఏడుపు మొహం! పాపం, ఏ దుర్మార్గుడు కొట్టాడో!"

నటన కాదు, అతనికి నిజంగానే గుర్తులేదు. తల్లి గబగబా తనూ నవ్వేసింది. ఆ నవ్వుకు ఆమె దెబ్బతిన్న ఎడమ చెంప కదల్లేదు. పిల్ల మెడ పక్కకు వాల్చి తల్లినే చూస్తూ నిలబడింది. ఇన్నాళ్ళూ గిన్నెల్లో, తాళాల్లో తనకు కనిపించింది ఆ మొహమే.